జొన్నలు కోళ్ళ దాణాకి, మైదా మన పిల్లలకి



పై వీడియోలో కనిపించే జొన్న చేను మాదే. అమృతలూరు దగ్గర, వరి కోసిన మాగాణిలో దుక్కి దున్నకుండా కర్రతో గుంతలు పెట్టి వేసిన జొన్న. వీడియో చూసి ఫోన్ చేసిన వాళ్ళలో చాలామంది అడిగింది ఒకటే. "దిగుబడి ఎంతండీ, ఎవరు కొంటున్నారు?" దిగుబడి సంగతి వీడియోలోనే చెప్పాను. ఎవరు కొంటున్నారు అన్నదానికి మాత్రం సరిగ్గా జవాబు చెప్పలేదు. ఈసారి సగం పంట అమ్మలేదు, ఇంట్లో ఉంచాం. ఎందుకు ఉంచామో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కాస్త ఇంటి గోల ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా మనవడికి పదేళ్ళు. చిన్నప్పటి నుంచీ బొద్దుగా ఉంటే మేమంతా మురిసిపోయాం. పెళ్ళిళ్ళలో బంధువులు బుగ్గలు గిల్లి "తాత పొలంలో తిండి బాగా ఒంటబట్టింది" అంటే నాకు గర్వంగా కూడా ఉండేది. రెండేళ్ళ నుంచి వాడి మెడ వెనక నల్లగా, మందంగా పట్టింది. మురికి అనుకున్నాం. మా ఆవిడ ప్రతి ఆదివారం శనగపిండిలో పెరుగు కలిపి రుద్దేది. మంట పుట్టి వాడు ఏడ్చేవాడు. "స్నానం సరిగ్గా చెయ్యవు, అందుకే ఇలా" అని నేనూ నాలుగు మాటలన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

జ్వరం వస్తే తెనాలి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ గొంతు చూసింది, మెడ తిప్పి చూసింది. "పెద్దాయనా, ఇది మురికి కాదు, ఇంక రుద్దకండి. ఒంట్లో ఇన్సులిన్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ తిరుగుతోందనడానికి గుర్తు" అంది. బరువు 52 కిలోలు, ఎత్తు 138 సెంటీమీటర్లు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు 2015లో మన పిల్లల కోసం వేసిన చార్టు ఒకటి ఉంటుంది. అందులో పెద్దవాళ్ళ లెక్కలో బీఎంఐ 23కి సమానమైన గీత దాటితే అధిక బరువు, 27కి సమానమైన గీత దాటితే ఊబకాయం. మావాడి చుక్క పై గీతకి ఇంకా పైన పడింది.

రక్తపరీక్షలు చేయించాం. షుగర్ ఇంకా రాలేదు, వచ్చే దారిలో ఉన్నాడు. మందులేమీ రాయలేదు. నేను ఆశ్చర్యపోయి "మరి ఉపవాసం ఏమైనా..." అన్నాను. ఆవిడకి కోపమొచ్చింది. పెరిగే పిల్లల్ని పస్తులుంచకూడదంది. ఈ వయసులో బరువు తగ్గించాలని పట్టుబట్టకుండా, ఉన్న బరువు పెరగకుండా ఆపితే చాలు, ఎత్తు పెరిగే కొద్దీ సర్దుకుంటుందంది. చివర్లో ఒక మాట మా కోడలి వైపు చూసి కాదు, నా వైపు చూసి చెప్పింది: "వాడొక్కడికే వేరే కంచం పెట్టకండి. మారితే ఇంట్లో అందరూ మారండి. లేకపోతే మళ్ళీ నా దగ్గరికి రావద్దు."

తర్వాత చదివితే తెలిసింది, ఇది ఆవిడ కోపంతో అన్న మాట కాదు. అమెరికాలో లెనార్డ్ ఎప్‌స్టీన్ అనే ఆయన లావుగా ఉన్న పిల్లల కుటుంబాల్ని పదేళ్ళపాటు గమనించి 1990లో ఫలితాలు ప్రకటించాడు. పిల్లాడితో పాటు తల్లినో తండ్రినో కూడా కలిపి అలవాట్లు మార్పించిన ఇళ్ళలో పదేళ్ళ తర్వాత కూడా ఫలితం నిలిచింది. అంత శ్రద్ధ పెట్టని ఇళ్ళలో పిల్లలు ఇంకా లావెక్కారు. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా మూడు నెలల నుంచి ఏడాది లోపల కనీసం 26 గంటలు కుటుంబంతో కూర్చుని చేసే చికిత్సకే పెద్దపీట వేశారు. 26 గంటలు! మనం డాక్టరు దగ్గర ఐదు నిమిషాలు కూర్చుని "మందు రాయండి" అంటాం.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. ఎనిమిదేళ్ళుగా నా పొలంలోకి యూరియా బస్తా దిగలేదు. పక్క రైతు మందు కొడితే ఆ గాలికి కూడా గొడవ పెట్టుకునే మనిషిని. అదే మనిషి వారానికి రెండుసార్లు తెనాలి నుంచి వస్తూ మనవడి కోసం సంచిలో ఏం తెచ్చాడు? క్రీమ్ బిస్కెట్లు, చిప్స్, లీటరున్నర కూల్ డ్రింకు. ఎవరో తెచ్చి పెట్టలేదు, నేనే తెచ్చాను. తాతయ్య వచ్చాడంటే వాడు సంచి వైపే పరిగెత్తేవాడు, నాకదే సంతోషం. వాడి స్కూలు బాక్సులో నూడుల్సు, సాయంత్రం ట్యూషన్‌కి ముందు మైదా పఫ్. ఉదయం ఏడింటికి వ్యాను ఎక్కితే చీకటిపడి దిగుతాడు. కాలవ గట్టు మీద పరిగెత్తిన రోజు ఏడాదిలో నాలుగైదు ఉంటాయేమో. ఆ వయసు పిల్లలకి రోజుకి గంట ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

ఇక మనందరికీ ఇష్టమైన విషయానికి వద్దాం, సూక్ష్మజీవులు.

మనిషి పేగుల్లో, ముఖ్యంగా పెద్దపేగులో, లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. మనం అరిగించుకోలేని పీచు దాని తిండి. అది పీచుని పులియబెట్టి బ్యూటిరేట్, ప్రొపియోనేట్ లాంటి చిన్న ఆమ్లాలు తయారుచేస్తుంది. పేగు గోడ కణాలకి బ్యూటిరేటే ప్రధానమైన ఇంధనం. "కడుపు నిండింది, ఇక చాలు" అని మెదడుకి చెప్పే హార్మోన్లు రావడానికి కూడా ఈ ఆమ్లాలు తోడ్పడతాయి. పీచు అందకపోతే? మిచిగాన్ యూనివర్సిటీ, లక్సెంబర్గ్ శాస్త్రవేత్తలు కలిసి 2016లో ఎలుకల మీద చూపించారు. తిండి దొరకని బ్యాక్టీరియా పేగు గోడకి రక్షణగా ఉండే జిగురు పొరనే తినడం మొదలుపెట్టింది. పైన గడ్డి కప్పని నేలలో ఏం జరుగుతుందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు కదా. ఉన్న సారాన్నే తినేసి నేల గట్టిపడుతుంది.

2010లో ఇటలీ శాస్త్రవేత్తలు ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో ఒక పల్లె పిల్లల పేగు బ్యాక్టీరియాని ఫ్లోరెన్స్ నగరం పిల్లలతో పోల్చారు. పల్లె పిల్లల తిండి ఏంటో తెలుసా? చిరుధాన్యాలు, జొన్నలు, బొబ్బర్లు, కూరగాయలు. తొలకరిలో అప్పుడప్పుడు చెదపురుగులు కూడా, మన పెద్దవాళ్ళు ఉసిళ్ళు వేయించుకు తిన్నట్టు. ఆ పిల్లల పేగుల్లో పీచుని విడగొట్టే ప్రెవోటెల్లా లాంటి బ్యాక్టీరియా దండిగా ఉంది. వాటిలో ఒక రకమైతే ఫ్లోరెన్స్ పిల్లల్లో అసలు కనిపించనే లేదు. ప్రెవోటెల్లా అంటే కొత్త పేరేం కాదు, మన ఆవు కడుపులో గడ్డిని కరిగించే వాటిలోనూ ఆ జాతి ముఖ్యమైనది. (ఇది చదివి పిల్లలకి గోమూత్రం పట్టించకండి. ఆవుకి ఆ బ్యాక్టీరియా నిలిచింది గడ్డి తినడం వల్ల.)

ఊబకాయం ఉన్న పిల్లల మీదే నేరుగా చేసిన పని ఒకటి చైనాలో ఉంది. షాంఘైకి చెందిన లీపింగ్ ఝావో అనే శాస్త్రవేత్త బృందం 2015లో ప్రచురించింది. పుట్టుకతో వచ్చే జన్యులోపం వల్ల ఆకలి తీరని పిల్లలు 17 మంది, మామూలుగా లావెక్కిన పిల్లలు 21 మంది. ఆసుపత్రిలో ఉంచి ముడిధాన్యాలు, అక్కడి సంప్రదాయ ఔషధ ఆహారాలు, పీచు పదార్థాలతో తిండి పెట్టారు. రెండు గుంపుల్లోనూ బరువు తగ్గింది, ఒంట్లో వాపు లక్షణాలు తగ్గాయి, పేగు బ్యాక్టీరియా మారింది. చికిత్సకి ముందు తీసిన మలాన్ని, తర్వాత తీసిన మలాన్ని బ్యాక్టీరియా లేకుండా పెంచిన ఎలుకలకి ఎక్కించి చూస్తే, ముందుది ఎక్కినవాటిలో వాపు, కొవ్వు ఎక్కువ కనిపించాయి. ఈ ఝావో గారు తాను కూడా కాకరకాయ, చైనా పెండలం, ముడిధాన్యాలు తిని 20 కిలోలు తగ్గానని చెప్పుకున్నాడు. కాకర, పెండలం! కొల్లిపర, దుగ్గిరాల వైపు లంకల్లో కంద, పసుపు వేసేవాళ్ళకి పెండలం గురించి నేను చెప్పాలా?

ఇక్కడే ఆగి ఒక మాట. మావాడి లావుకి పేగు బ్యాక్టీరియా ఒక్కటే కారణమని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆ చైనా పిల్లలు ఆసుపత్రిలో తక్కువ కేలరీలు కూడా తిన్నారు, బయట కొట్లు వాళ్ళకి అందుబాటులో లేవు. నిద్ర, ఆట, కుటుంబపు ఒడ్డూపొడుగూ, అన్నీ ఇందులో ఉన్నాయి. నేను చెప్పేది ఇంతవరకే: పిల్లాడి కడుపులో ఒక నేల ఉంది, దాన్ని మేం ఎండగట్టాం.

మనవాళ్ళతోనే నాకు కొంచెం పేచీ ఉంది. ఈ సంగతి నలుగురిలో చెబితే వెంటనే ఒక మిత్రుడు "బ్యాక్టీరియా పొడి పాకెట్లు దొరుకుతున్నాయి, మంచినీళ్ళలో కలిపి ఇవ్వండి" అన్నాడు. పాలేకర్ గారి దగ్గర మనం నేర్చుకున్నది ఏంటి? బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదన, వాఫస, నాలుగూ కలిసి నడవాలని. ఆచ్ఛాదన లేని ఉత్త నేల మీద జీవామృతం పోస్తే ఎన్నాళ్ళుంటుంది? 2013లో అమెరికాలో జెఫ్రీ గోర్డన్ బృందం ఇదే చూపించింది. కవలల్లో ఒకరు లావు, ఒకరు సన్నం. ఇద్దరి బ్యాక్టీరియానీ వేరువేరుగా ఎలుకలకి ఎక్కించారు. లావు మనిషి బ్యాక్టీరియా ఎక్కిన ఎలుకలు కొవ్వు పట్టాయి. తర్వాత రెండు రకాల్నీ ఒకే బోనులో ఉంచారు. ఎలుకలు ఒకదాని పెంట ఒకటి తింటాయి కాబట్టి సన్నవాళ్ళ బ్యాక్టీరియా లావు ఎలుకల్లోకి చేరి కొవ్వు పట్టకుండా ఆపింది. కాకపోతే కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ ఉన్న తిండి పెట్టినప్పుడే. కొవ్వు ఎక్కువ, పళ్ళూ కూరలూ తక్కువ ఉన్న తిండి పెడితే ఆ మంచి బ్యాక్టీరియా నిలవలేదు. అంతకంటే ఏం కావాలి?

రెండో పేచీ బెల్లం గురించి. మన స్టాళ్ళలో సేంద్రియ బెల్లంతో చేసిన లడ్డూలు, చిక్కీలు, బిస్కెట్లు పెట్టి "పిల్లలకి ఎంతైనా పెట్టొచ్చు" అని అమ్ముతున్నాం. బెల్లం కూడా చక్కెరేనండీ. మేమూ మొదట్లో రాగిజావలో గరిటెడు బెల్లం వేసి ఇచ్చి, మంచి తిండి పెడుతున్నామనుకున్నాం. అలాగే నవారా, కాలాబట్టి తింటే షుగర్ పోతుంది, బరువు తగ్గుతుంది అని సంచి మీద రాయడం. దేశవాళి బియ్యం మంచివే, నేనూ పండిస్తాను. కానీ రెండుసార్లు పాలిష్ పట్టించి కంచం నిండా పెడితే అదీ అన్నమే. మన మాట నమ్మి ఒక తల్లి పిల్లాడిని డాక్టరుకి చూపించడం మానేస్తే ఆ పాపం ఎవరిది?

పాలిష్ గురించి మన కోస్తాకి ఒక పాత కథ ఉంది. నూరేళ్ళ కిందట దేశంలో బెరిబెరి జబ్బు ఎక్కడ ఎక్కువ అంటే ఉత్తర సర్కారుల్లో, అంటే మన తెలుగు కోస్తాలోనే. మెకారిసన్ అనే డాక్టరు 1918 నుంచి కూనూరులో దీని మీద పనిచేశాడు. ఆ చిన్న పరిశోధన కేంద్రమే తర్వాత 1958లో హైదరాబాదుకి మారి ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. కారణం పచ్చి బియ్యాన్ని మిల్లులో తెల్లగా తోమడం. తవుడుతో పాటు బి1 విటమిన్ పోయింది. ఉప్పుడు బియ్యం తినే చోట్ల ఆ జబ్బు అంతగా లేదు. తవుడు గేదెకి, తెల్లబువ్వ మనకి. ఆ పద్ధతిలో మనం ఇప్పటికీ ఉన్నాం. మన బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, బిపిటి 5204, మంచి వంగడం. తప్పు వంగడానిది కాదు, ఎంత తెల్లగా ఉంటే అంత గొప్ప అనుకునే మన కంటిది.

పోషకాహార సంస్థ వాళ్ళ 2017 పట్టికలు చూడండి. నూరు గ్రాముల్లో పీచు: పాలిష్ బియ్యంలో 2.8 గ్రాములు, మైదాలో కూడా అంతే. జొన్నలో 10.2, రాగిలో 11.2. పొట్టు తియ్యని మినుముల్లో 20. మినుము వరి తర్వాత మన డెల్టాలో ఎప్పటి నుంచో వేస్తున్న పంట. అది మిల్లుకెళ్ళి తెల్ల గుళ్ళయి ఇంటికొస్తుంది. జొన్న సంగతి చెప్పనే అక్కర్లేదు. మన మాగాణుల్లో వరి తర్వాత వేసే జొన్నలో ఎక్కువ భాగం దాణాకే పోతోంది. డెల్టా వాళ్ళకి జొన్నన్నం అంటే నామోషీ. శ్రీనాథుడు పల్నాడు వెళ్ళి జొన్నకూడు చూసి వెక్కిరించాడని చాటువులు చెప్పుకుని నవ్వుకున్నాం. ఇప్పుడు జొన్నలు మా చేలో పండి కోళ్ళ షెడ్డుకి పోతున్నాయి, ఆ డబ్బుతో నేను మనవడికి మైదా కొన్నాను.

కోళ్ళ మాట వచ్చింది కాబట్టి. దాణాలో యాంటీబయాటిక్ కొద్దికొద్దిగా కలిపితే కోడి తొందరగా బరువెక్కుతుందని అమెరికాలో 1950 ప్రాంతంలోనే కనుక్కున్నారు. అదెందుకని న్యూయార్క్‌లో మార్టిన్ బ్లేజర్ బృందం 2012లో ఎలుకపిల్లల మీద చూస్తే, తక్కువ మోతాదు యాంటీబయాటిక్ పేగు బ్యాక్టీరియాని మార్చి కొవ్వు పెంచింది. మన పిల్లలకి జలుబు చేస్తే మెడికల్ షాపు దగ్గరే నిలబడి యాంటీబయాటిక్ సీసా కొని పోస్తాం. డాక్టరు అవసరమని రాస్తే తప్పకుండా వాడాలి, పూర్తిగా వాడాలి. అవసరం లేనప్పుడు వద్దు. జలుబుకి అది పనిచెయ్యదు కూడా.

దేశం మొత్తం మీద 2016–18లో చేసిన పిల్లల పోషకాహార సర్వేలో 5 నుంచి 9 ఏళ్ళ వాళ్ళలో 4 శాతం, పదేళ్ళు దాటిన వాళ్ళలో 5 శాతం అధిక బరువు. బక్కచిక్కిన వాళ్ళు అంతకు ఎన్నో రెట్లు, దాదాపు నలుగురిలో ఒకరు. అందుకే "లావు సమస్యా, డబ్బున్నోళ్ళ గోల" అంటారు కొందరు. కానీ మా వీధిలో ఒకే ఇంట్లో రెండూ చూశాను. అన్న లావు, చెల్లి రక్తం లేక పాలిపోయి ఉంది. ఇద్దరి తిండీ ఒకటే, తెల్లన్నం, పాకెట్ తిండి.

ప్రభుత్వ బడుల్లో 2023 మార్చి నుంచి రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. మేం వేలకి వేలు ఫీజు కట్టి పంపే స్కూలు గేటు ముందు మాత్రం రంగు నీళ్ళు, చిప్స్ బండ్లు. స్కూలు గేటుకి 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. మేం నలుగురు పెద్దవాళ్ళం వెళ్ళి అడిగితే "గేటు బయట మాకు సంబంధం లేదు" అన్నారు. నా అభిప్రాయం, మనం అడగాల్సింది బండ్లు తీసెయ్యమని మాత్రమే కాదు. జామకాయలు, ఉడకబెట్టిన బొబ్బర్లు, జొన్న పేలాల బండి ఒకటి మనమే పెట్టాలి. నూరు గ్రాముల జామలో ఎనిమిదిన్నర గ్రాముల పీచు ఉంది. హైదరాబాదులో కిలో దేశవాళి బియ్యానికి ఎంత వస్తుందా అని చూసే మనం, మన ఊరి బడికి ఏం అమ్ముతున్నామో ఎప్పుడైనా చూసుకున్నామా?

ఎనిమిది నెలలైంది. ఇంట్లో ఏం మార్చామంటే పెద్దగా ఏమీ లేదు. రాత్రికి అందరికీ జొన్నన్నమో, జొన్న రవ్వ ఉప్మానో. పొద్దున పొట్టు మినప దోశ, కొన్నాళ్ళు చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ. మధ్యాహ్నం ఒంటిపట్టు బియ్యమే, అన్నం కంటే కూర ఎక్కువ. బిస్కెట్ల డబ్బా ఎత్తు మీద పెట్టడం కాదు, కొనడమే మానేశాం. పీచు ఒక్కసారిగా పెంచేసి మొదటి వారం పిల్లాడికి కడుపుబ్బరం తెప్పించాం, తర్వాత మెల్లగా పెంచాం. ట్యూషన్ మాన్పించాం, దాని మీద మా అబ్బాయికీ నాకూ పెద్ద గొడవే అయింది. సాయంత్రం వాడు నాతో పొలానికి వస్తాడు. అన్నిటికంటే కష్టమైంది నాకే. చెయ్యి ఖాళీగా తెనాలి నుంచి రావడం.

బరువు 51 కిలోలు. ఎత్తు నాలుగు సెంటీమీటర్లు పెరిగాడు. మెడ నలుపు కొంచెం పలచబడింది, పోలేదు. కాకరకాయ ఇప్పటికీ ముట్టుకోడు, వాడి తాతా అంతే. స్కూల్లో ఇంకా "బండోడా" అని పిలుస్తున్నారట, ఒక మాస్టారు కూడా. పుట్టినరోజు పార్టీలకి వెళ్తే కేకు తింటాడు, తిననిస్తున్నాం.

జొన్న ఆడించడానికే చాలా ఇబ్బంది పడుతున్నాం. మా చుట్టుపక్కల ఉన్న మిల్లులన్నీ వరివి. రవ్వ పట్టించాలంటే తెనాలి దాకా పోవాలి, అక్కడ కూడా పది కిలోలంటే విసుక్కుంటున్నారు. గోవాడ, ఇంటూరు, మోపర్రు, చెరుకుపల్లి వైపు ఎవరి దగ్గరైనా జొన్న పొట్టు తీసి రవ్వ పట్టే చిన్న మిషను ఉంటే చెప్పండి. నలుగురైదుగురం కలిసి ఒకటి కొందామన్న ఆలోచన కూడా ఉంది. వచ్చే వీడియోలో మా కోడలు జొన్నన్నం గట్టిపడకుండా ఎలా వండాలో చూపిస్తుంది. మొదటిసారి నేను వండితే కోళ్ళు కూడా తినలేదు.